చూపు లేనివారు కొత్త ఊళ్ళో నడిచేదెలా? పాఠకుల ప్రశ్నలకు సమాధానాలు

అక్టోబరు 15న తెల్లకర్ర దినోత్సవం వస్తున్నందున, చూపు లేనివారి రాకపోకల గురించి ప్రశ్నలు పంపమని కిందటి సంచికలో కోరాము. ఉమ్మడి నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల నుంచే ఎక్కువ ఉత్తరాలు వచ్చాయి. చూపు లేనివారికి కర్రతో నడక నేర్పడమే నా వృత్తి కాబట్టి, వాటికి సమాధానం రాసే పని నాకు అప్పగించారు. ఒకే రకంగా ఉన్న ప్రశ్నలను కలిపి ఒక్కటిగా తీసుకున్నాను.

ప్రశ్న: మా బిడ్డకు పుట్టుక నుంచే చూపు లేదు. ఇంటర్ దాకా నల్లగొండలో చదివింది. ఇప్పుడు హైదరాబాదులో, కోఠి మహిళా విశ్వవిద్యాలయంలో డిగ్రీ సీటు వచ్చింది. ఊళ్ళో తన పనులన్నీ తానే చేసుకుంటుంది గానీ, పట్నంలో ఒక్కతే ఎట్లా తిరుగుతుందోనని ఆమె తల్లికి నిద్ర పట్టడం లేదు. కూలి చేసుకుని బతికే మాకు ప్రతిసారీ తోడు వెళ్ళడం సాధ్యం కాదు. ఏం చేయాలి?
(కనగల్ మండలం నుంచి ఒక తండ్రి)

జవాబు: మీ అమ్మాయి ఊళ్ళో ఒక్కతే తిరగగలుగుతోందంటే, ఆ ఊరిని చెవితో, కాలితో, ముక్కుతో ఆమె ఏళ్ళ తరబడి నేర్చుకున్నదని అర్థం. బోరింగు చప్పుడు ఎక్కడ వినిపిస్తుందో, సిమెంటు రోడ్డు ఆగిపోయి మట్టి ఎక్కడ మొదలవుతుందో, పిండిగిర్ని వాసన ఎక్కడ తగులుతుందో ఆమెకు తెలుసు. పట్నాన్ని కూడా అదే పద్ధతిలో నేర్చుకోవచ్చు. అయితే పట్నమంతా ఒకేసారి నేర్చుకోవాలని ఎవరూ ప్రయత్నించకూడదు. మొదటి నెలలో ఆమెకు కావలసినవి మూడే దారులు: హాస్టల్ గది నుంచి తరగతి గదికి, హాస్టల్ నుంచి దగ్గరలోని మందుల దుకాణానికి, హాస్టల్ నుంచి ఊరికి వచ్చే బస్సుకు. ఈ మూడూ గట్టిగా వస్తే, మిగతావి స్నేహితురాళ్ళతో కలిసి తిరుగుతూ ఒక్కొక్కటే తనంతట తానే కలుపుకుంటుంది.

తరగతులు మొదలయ్యేలోపే కొన్ని రోజులు వీలు చేసుకుని, మీరిద్దరూ వెళ్ళి ఆ దారులు నడవండి. మొదటిసారి ఆమె మీ చేయి పట్టుకుని నడవాలి. అప్పుడు మీరు కనిపించేవన్నీ వర్ణించకండి. కదలకుండా ఒకే చోట ఉండేవి మాత్రమే చెప్పండి: నేల ఎక్కడ వాలుగా దిగుతుంది, ప్రహరీ గోడ ఎక్కడ ముగిసి గాలి తగులుతుంది, టైల్స్ పోయి బండలు ఎక్కడ వస్తాయి, ట్రాన్స్‌ఫార్మర్ రొద ఏ మూల వినిపిస్తుంది. మిర్చి బండి వాసనను గుర్తుగా పెట్టుకుంటే పొద్దున పూట ఆ గుర్తు ఉండదు, ఆటోల వరుసను గుర్తుగా పెట్టుకుంటే ఆదివారం అది ఉండదు. రెండోసారి ఆమె కర్రతో నడవాలి, మీరు పక్కన ఉండి అడిగినదానికే బదులివ్వాలి. మూడోసారి మీరు పది అడుగుల వెనుక ఉండి, ప్రమాదం అనిపిస్తే తప్ప నోరు విప్పకూడదు. ఈ మూడో నడక కన్నవారికి చాలా కష్టంగా ఉంటుంది. ఆమె మలుపు తప్పి, నిలబడి, చెవి పెట్టి విని, వెనక్కి వచ్చి మళ్ళీ దారి పట్టుకునే ఆ కొద్ది నిమిషాలలోనే అసలైన చదువు జరుగుతుంది కాబట్టి, దయచేసి ఆ అవకాశాన్ని ఆమె నుంచి తీసుకోకండి.

ఇంకొక సంగతి చాలామంది మరచిపోతారు. వెళ్ళే దారి వచ్చినంత మాత్రాన తిరిగివచ్చే దారి వచ్చినట్టు కాదు. కుడి ఎడమవుతుంది, ఎక్కుడు దిగుడవుతుంది, కుడిచేతికి తగిలిన గోడ ఎడమచేతికి వస్తుంది. రానూపోనూ రెండు వేరువేరు దారులుగానే నేర్పించాలి.

కర్ర విషయానికి వస్తే, ఎవరో పంచిన కర్ర ఉంటే సరిపోదు, అది ఆమె ఎత్తుకు తగినది కావాలి. నిటారుగా నిలబెట్టినప్పుడు కనీసం రొమ్ము ఎముక దాకా రావాలి. త్వరగా నడిచేవారికి ఇంకొంచెం పొడవుగా ఉన్నా మంచిదే. కుడికాలు ముందుకు వేసినప్పుడు కర్ర కొన ఎడమ వైపు నేలను తాకాలి, ఎడమకాలు వేసినప్పుడు కుడి వైపు తాకాలి. అలా చేస్తే తరువాతి అడుగు పడవలసిన చోటు ముందే తెలిసిపోతుంది. 1940లలో అమెరికా సైనిక ఆసుపత్రిలో, యుద్ధంలో చూపు పోయిన సైనికులకు నడక నేర్పుతూ రిచర్డ్ హూవర్ అనే ఆయన ఈ పద్ధతికి రూపమిచ్చారు. ఇప్పటికీ ప్రపంచమంతటా ఇదే నేర్పుతున్నారు. హైదరాబాదులో బంజారాహిల్స్‌లోని ఎల్వీ ప్రసాద్ నేత్ర వైద్య సంస్థలో చూపు లేనివారికి పునరావాస కేంద్రం ఉన్నది, అక్కడ ఈ శిక్షణ ఇస్తారు. కాలేజీ మొదలవడానికి ముందు ఆమెను ఒకసారి అక్కడికి తీసుకెళ్ళండి.

ఇక ఊరి నుంచి రాకపోకల సంగతి. నల్లగొండ నుంచి వెళ్ళే బస్సు చౌటుప్పల్, హయత్‌నగర్ మీదుగా ఎల్బీనగర్ చేరుతుంది. మహాత్మాగాంధీ బస్ స్టేషన్ దాకా ట్రాఫిక్‌లో పోవడం కన్నా, ఎల్బీనగర్‌లో దిగి మెట్రో ఎక్కడం ఆమెకు సులువని నా అభిప్రాయం. ఎల్బీనగర్ ఆ మార్గంలో చివరి స్టేషన్ కాబట్టి, అక్కడ ఎక్కే రైలు ఏదైనా మియాపూర్ వైపే పోతుంది, తప్పు రైలు ఎక్కే భయం లేదు. అక్కడి నుంచి ఎనిమిదో స్టేషన్ ఉస్మానియా మెడికల్ కాలేజీ, కోఠికి అదే దగ్గర. ప్రతి స్టేషన్ పేరునూ రైలులో తెలుగు, హిందీ, ఇంగ్లీషులలో ప్రకటిస్తారు. తిరుగు ప్రయాణంలో రైలు ఎల్బీనగర్‌లోనే ఆగిపోతుంది కాబట్టి స్టేషన్ దాటిపోతానన్న దిగులు కూడా ఉండదు. స్టేషన్ లోపల నేల మీద పసుపు రంగు గడుల పలకలు పరిచి ఉంటాయి. పొడవు గీతలున్న పలక మీద ముందుకు నడవాలి, గుండ్రటి బొడిపెలున్న పలక తగిలితే ఆగి జాగ్రత్త పడాలి. ఈ తేడాను మొదటి రోజునే ఆమె అరికాలితో, కర్ర కొనతో తడిమి చూసుకోవాలి. ఎల్బీనగర్ చౌరస్తాలో బస్సు దిగిన చోటి నుంచి మెట్రో మెట్ల దాకా ఉన్న ముక్క మాత్రం నిజంగా కష్టమైనది. బస్సు ఒక్కో రోజు ఒక్కో చోట ఆపుతాడు. అక్కడ సహాయం అడగడానికి ఆమె సంకోచించకూడదు. కండక్టరుకు ముందే చెప్పి ఉంచడం, దిగిన వెంటనే గొంతెత్తి "మెట్రో మెట్లకు ఎవరైనా తీసుకెళ్తారా?" అని అడగడం ఇంట్లోనే అలవాటు చేయించండి. అడగడం కూడా నడకలో భాగమే.

ఆమె తల్లికి ఒక మాట. ఫోను రోజుకు రెండు వేళల్లో చేయడమని ముందే అనుకోండి. రోడ్డు దాటుతున్న పిల్ల చెవి దగ్గర ఫోను మోగితే, ఆ నిమిషంలో ఆమెకున్న ఒకే ఒక్క ఆధారానికి అడ్డం పడినట్టవుతుంది.

ప్రశ్న: మెట్టుగడ్డలో నాకు చిన్న కిరాణా దుకాణం ఉన్నది. తెల్లకర్ర పట్టుకున్నవాళ్ళు అప్పుడప్పుడు వచ్చి దారి అడుగుతారు. చెప్పితే అర్థం కావడం లేదు, చేయి పట్టుకుని తీసుకెళ్తే కొందరు విదిలించుకుంటున్నారు. ఎట్లా సాయం చేయాలి?
(మహబూబ్‌నగర్ నుంచి ఒక దుకాణదారు)

జవాబు: మీ ప్రశ్నకు ముందుగా నమస్కారం చేస్తున్నాను. చేయి విదిలించుకున్నవారి మీద కోపం తెచ్చుకోకుండా, తన వైపు లోపమేమిటని అడిగేవారు అరుదు.

వారు విదిలించుకోవడానికి కారణమున్నది. ఎవరో తెలియని మనిషి, ఒక్క మాటా మాట్లాడకుండా, కర్ర పట్టిన చేతినే పట్టి లాగితే, వారు తమ నడకనంతా ఒక్కసారిగా పోగొట్టుకుంటారు. కర్ర నేల మీద నుంచి లేస్తుంది, ఎన్ని అడుగులు వేశారో లెక్క తప్పుతుంది, ఎటు వైపు ముఖం పెట్టి ఉన్నారో కూడా తెలియకుండా పోతుంది. అందుకే ముట్టుకునే ముందు మాట రావాలి. "అన్నా, నేను ఈ కిరాణా దుకాణం అతన్ని. ఎక్కడికి పోవాలె? దారి చెప్పాల్నా, తోడు రావాల్నా?" అని అడగండి. ఏది కావాలో వారు చెబుతారు. ఒకవేళ "అక్కర లేదు" అంటే అది మిమ్మల్ని చిన్నబుచ్చడం కాదు, వారికి ఆ దారి తెలుసునని మాత్రమే అర్థం.

దారి చెప్పేటప్పుడు "అదిగో అక్కడ", "ఇట్లా పోయి అట్లా తిరుగు" అన్న మాటలు వారికి పనికిరావు. మీరు చూపించే వేలు వారికి కనబడదు. వారు ఇప్పుడు ఎక్కడ, ఎటు ముఖం పెట్టి నిలబడ్డారో ముందు చెప్పి, అక్కడి నుంచి వారి కుడి, వారి ఎడమ ప్రకారం చెప్పాలి. ఎదురుగా నిలబడి చెబితే మీ కుడి వారికి ఎడమ అవుతుంది కాబట్టి, వారి పక్కకు వచ్చి, వారు చూసే దిక్కుకే మీరూ తిరగండి. ఉదాహరణకు ఇట్లా చెప్పవచ్చు: "మీరిప్పుడు నా దుకాణం మెట్టు మీద, రోడ్డు వైపు తిరిగి ఉన్నారు. ఎడమకు తిరిగి, షటర్ల పక్కనే గోడ పట్టుకుని నడవండి. రెండు గల్లీలు దాటాలి. మొదటి గల్లీ మూలన మోరీ మీద ఒక బండ లేదు, అక్కడ గోడవైపే ఉండండి. రెండో గల్లీ దాటినాక కాళ్ళ కింద సిమెంటు పోయి షాబాద్ బండలు వస్తాయి. ఆ బండల మీద మూడో షటరే మందుల దుకాణం." మీటర్లలో దూరం చెప్పడం కన్నా గల్లీల లెక్క, షటర్ల లెక్క చెప్పడమే మేలు. మోరీ బండ సంగతి మాత్రం ఎప్పుడూ మరవకండి. మన పట్టణాలలో కర్ర పట్టినవారికి ఎక్కువ దెబ్బలు తగిలేది అక్కడే.

తోడు రమ్మంటే, మీరు వారిని పట్టుకోకూడదు, వారు మిమ్మల్ని పట్టుకోవాలి. మీ మోచేతి వెనుక భాగాన్ని వారి చేతి వెనుకవైపు తాకించండి. వారే మీ మోచేతికి కొంచెం పైన పట్టుకుని అర అడుగు వెనుక నడుస్తారు. మీరు ఆగితే, మలుపు తిరిగితే, దిగితే, మీ భుజం కదలికతోనే అది వారికి తెలిసిపోతుంది. ఇరుకు గల్లీ వస్తే ఆ చేతిని మీ వీపు వెనక్కి పెట్టండి, వారు సరిగ్గా మీ వెనుకకు వస్తారు. మెట్ల ముందు ఒక క్షణం ఆగి "ఎక్కే మెట్లు" అనో "దిగే మెట్లు" అనో చెప్పండి, ఎన్ని అన్నది వారి కాలే చూసుకుంటుంది. ఆటో ఎక్కించేటప్పుడు వారిని ఎత్తి లోపలికి తోయకండి. వారి చేతిని ఆటో పై అంచు మీద ఉంచితే తలకు తగలకుండా తామే ఎక్కుతారు. బల్ల మీద కూర్చోబెట్టాలంటే బల్ల అంచు మీద చేయి పెట్టించడం చాలు.

విడిచిపెట్టేటప్పుడు "నేను పోతున్న అన్నా" అని చెప్పి వెళ్ళండి. చెప్పకుండా వెళ్ళిపోతే, మీరు పక్కనే ఉన్నారనుకుని వారు ఖాళీ గాలితో మాట్లాడుతూ నిలబడతారు. ఆ అవమానం చిన్నది కాదు. విడిచిపెట్టే చోటు కూడా ఒక గోడో, స్తంభమో, బల్లో చేతికి అందేటట్టుండాలి. నడిరోడ్డు మధ్య ఖాళీలో వదిలితే వారికి ఏ దిక్కూ తెలియదు.

మీకు ఇంకొక విన్నపం. దుకాణం ముందు ఛాతీ ఎత్తులో బయటికి పొడుచుకు వచ్చిన బోర్డులు, తాళ్ళకు వేలాడదీసిన బకెట్లు, సగం దించిన షటర్లు ఉంటే లోపలికి జరపండి. కర్ర నేలను చూస్తుంది, నడుము పైన ఉన్నవాటిని చూడలేదు. ఈ లోపాన్ని తీర్చడానికే ఐఐటీ ఢిల్లీ వారు స్మార్ట్‌కేన్ అనే పరికరాన్ని తయారు చేశారు. కర్ర పిడికి తగిలించే ఆ పరికరం శబ్ద తరంగాలతో మూడు మీటర్ల దాకా మోకాలి పైన ఉన్న అడ్డంకులను పసిగట్టి, చేతికి కంపనం ద్వారా చెబుతుంది. కానీ మన దగ్గర చాలామంది చేతిలో ఉన్నది మామూలు కర్రే.

ప్రశ్న: నాకు ఇరవై ఆరేళ్ళు. పగలు బాగానే కనబడుతుంది, పొద్దు గూకితే ఏమీ కనబడదు. ఈ మధ్య పక్కలు కూడా కనబడక మనుషులకు తగులుతున్నాను, తాగి ఉన్నాననుకుని తిడుతున్నారు. ఫోను చదవగలిగే నేను తెల్లకర్ర పట్టుకుంటే మోసం చేస్తున్నాననుకోరా?
(దేవరకొండ నుంచి ఒక యువకుడు)

జవాబు: అనుకోనివ్వండి. మీది మోసం కాదు. రేచీకటితో మొదలై పక్కచూపు క్రమంగా తగ్గడం రెటినైటిస్ పిగ్మెంటోసా అనే వంశపారంపర్య వ్యాధి లక్షణం. మేనరికపు పెళ్ళిళ్ళున్న కుటుంబాలలో ఇది ఎక్కువగా కనబడుతుంది. విటమిన్ ఎ లోపం వల్ల కూడా రేచీకటి వస్తుంది, అదైతే మందులతో నయమవుతుంది. కాబట్టి ఆలస్యం చేయకుండా రెటీనా వైద్యుణ్ణి కలిసి, ఏదన్నది ముందు తేల్చుకోండి.

మధ్య చూపు బాగుండి అక్షరాలు చదవగలిగినా, చూపు పరిధి పది డిగ్రీల కన్నా తక్కువైతే దానిని అంధత్వంగానే 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం లెక్కిస్తుంది. పది నుంచి నలభై డిగ్రీల లోపు ఉంటే అది అల్పదృష్టి. అంటే, మీరు ఫోను చదువుతూనే చట్టం దృష్టిలో చూపు లేనివారు కావచ్చు. వైకల్యాన్ని పరీక్షించి నిర్ధారించే ప్రభుత్వ సదరం శిబిరంలో పరీక్ష చేయించుకుని, యూడీఐడీ అనే దివ్యాంగుల గుర్తింపు కార్డు తీసుకోండి.

కర్ర నేర్చుకోవడానికి చూపు పూర్తిగా పోయేదాకా ఆగకండి. చూపు కొంత ఉండగా నేర్చుకున్నవారు త్వరగా నేర్చుకుంటారు. పగలు మడిచి సంచిలో పెట్టుకుని, చీకటి పడ్డాక తెరవవచ్చు. అది నేలను తడమడమే కాదు, ఎదుటివారికి మీ గురించి చెబుతుంది కూడా. తాగి ఉన్నాడన్న తిట్లు ఆ రోజు నుంచే తగ్గుతాయి. ఇంగ్లండులోని బ్రిస్టల్ నగరంలో ప్రమాదంలో చూపు పోయిన జేమ్స్ బిగ్స్ అనే ఆయన, 1921లో తన చేతికర్రకు తెల్లరంగు వేసుకున్నది వాహనాలవారికి తాను కనబడాలనే.

ప్రశ్న: ఇప్పుడు ఫోనే దారి చెబుతుంది కదా, ఇంక కర్ర ఎందుకు?
(నాగర్‌కర్నూల్, మిర్యాలగూడల నుంచి కొందరు విద్యార్థులు)

జవాబు: ఫోను చెప్పే దారిలో కొన్ని మీటర్ల తేడా మామూలు. ఆ తేడాలో మీరు రోడ్డుకు ఈ పక్కన ఉన్నారో ఆ పక్కన ఉన్నారో దానికి తెలియదు. నిన్న తవ్విన పైపులైను గుంత అసలే తెలియదు. ఏ వీధిలో ఉన్నామో, ఎటు తిరగాలో, ఎక్కవలసిన బస్సు బోర్డు మీద ఏమున్నదో తెలుసుకోవడానికి ఫోను గొప్ప సాధనం. తరువాతి అడుగు ఎక్కడ వేయాలో చెప్పగలిగేది మాత్రం కర్రే. తెర మీద ఉన్నది చదివి వినిపించే టాక్‌బ్యాక్‌ను ఫోనులో పెట్టుకుని, ఒకే చెవికి ఇయర్‌ఫోన్ తగిలించుకోండి, రెండో చెవి రోడ్డుకు వదలండి. తెలియని చోట చిక్కుకుంటే, 2015లో డెన్మార్కులో మొదలైన బీ మై ఐస్ యాప్ ద్వారా వీడియో కాల్ చేస్తే ఒక స్వచ్ఛంద సేవకుడు కెమెరాలో చూసి చెబుతాడు, దానికి రుసుము లేదు. రోడ్డు దాటించమని మాత్రం ఆ కాల్‌లో ఎవరినీ అడగకండి. నోట్లు గుర్తించడానికి రిజర్వు బ్యాంకు 2020లో తెచ్చిన మణి యాప్ నెట్ లేకపోయినా పనిచేస్తుంది.

ప్రశ్న: రైలు, బస్సు రాయితీలు ఏమున్నాయి?
(పలువురు)

జవాబు: చూపు పూర్తిగా లేనివారికి రైలులో స్లీపర్, సెకండ్ క్లాస్, థర్డ్ ఏసీ ఛార్జీలలో 75 శాతం, సెకండ్ ఏసీ, ఫస్ట్ ఏసీలలో 50 శాతం రాయితీ ఉన్నది. తోడు వచ్చే ఒకరికి కూడా అంతే వర్తిస్తుంది. రాజధాని, శతాబ్ది రైళ్ళలో ఇది తక్కువ. రైల్వేవారు ఇచ్చే ఫొటో గుర్తింపు కార్డు ముందే తీసుకోవాలి. తెలంగాణ ఆర్టీసీలో రాష్ట్ర మహిళలందరికీ 2023 డిసెంబరు 9 నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్, నగర ఆర్డినరీ బస్సులలో ప్రయాణం ఉచితమే. పురుషులు దివ్యాంగుల పాసు కోసం బస్‌పాస్ కౌంటరులో అడగాలి.

ప్రశ్న: మా పట్టణంలో కొత్త ఫుట్‌పాత్ వేస్తున్నారు. చూపు లేనివారి కోసం పసుపు పలకలు వేయించాలని మా కాలనీ సంఘం అనుకుంటోంది. ఎవరిని అడగాలి? ఏమి చూసుకోవాలి?
(నల్లగొండ నుంచి ఒక కాలనీ సంఘం కార్యదర్శి)

జవాబు: అడిగే హక్కు మీకు పూర్తిగా ఉన్నది. రోడ్లు, బహిరంగ స్థలాలు, రవాణా అందరికీ అందుబాటులో ఉండాలని 2016 చట్టమే చెబుతున్నది. చూపు లేని రాజీవ్ రతూరి వేసిన ప్రజాప్రయోజన వ్యాజ్యంలో, హైదరాబాదులోని నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయం ఇచ్చిన నివేదికను పరిశీలించిన సుప్రీంకోర్టు, 2024 నవంబరు 8న కీలకమైన తీర్పు ఇచ్చింది. అందుబాటు ప్రమాణాలను వీలైతే పాటించే సూచనలుగా వదిలేసిన నిబంధన చట్టానికి విరుద్ధమని చెప్పి, తప్పనిసరిగా పాటించవలసిన ప్రమాణాలను రూపొందించమని కేంద్రాన్ని ఆదేశించింది. మునిసిపల్ కమిషనరుకు రాసే వినతిపత్రంలో ఈ తీర్పును పేర్కొనండి.

పలకల గురించి మాత్రం ఒక హెచ్చరిక. 1965లో జపానులో సెయిచి మియాకే వీటిని కనిపెట్టినప్పుడు, 1967లో ఒకాయామా నగరంలో మొదటిసారి వేసినప్పుడు, వాటి ప్రయోజనం ఒక్కటే: కాలికి తగిలిన గుర్తును నమ్మి మనిషి నడవగలగాలి. కరెంటు స్తంభం దాకా తీసుకెళ్ళి ఆగిపోయే పలకల వరుస, పలకలు లేని ఫుట్‌పాత్ కన్నా ప్రమాదకరమని నా గట్టి అభిప్రాయం. అందంగా కనబడతాయని గీతల పలకలనూ బొడిపెల పలకలనూ కలగలిపి వేస్తే వాటికి అర్థమే పోతుంది. డబ్బు తక్కువగా ఉంటే పలకలను పక్కన పెట్టి, ముందు మోరీల మీద బండలు సరిచేయించండి, గల్లీ మూలల వద్ద ఫుట్‌పాత్‌ను వాలుగా దించి అక్కడ మాత్రం బొడిపెల పలకలు వేయించండి, నడిచే దారి మీదికి వచ్చిన బండ్లను, ఫ్లెక్సీ కర్రలను తీయించండి. గడియారం సెంటర్ లాంటి రద్దీ చౌరస్తాలో దాటే చోటు ఒకే దగ్గర స్థిరంగా ఉండేటట్టు చూడండి.

పని మొదలవకముందే, మీ కాలనీలోనో పక్క కాలనీలోనో ఉన్న చూపు లేని ఒకరిద్దరిని పిలిచి, ఇంజినీరు గారితో కలిసి ఆ దారి మొత్తం నడిపించండి. వారు ఎక్కడ ఆగిపోయారో, కర్ర ఎక్కడ చిక్కుకున్నదో ఇంజినీరు గారు కాగితం మీద రాసుకోవాలి. పని పూర్తయ్యాక బిల్లు చెల్లించే ముందు అదే దారిలో వారిని మళ్ళీ నడిపించి, సరిగా ఉన్నదని వారు చెప్పిన తరువాతే మీ సంఘం సంతకం పెట్టండి. మునిసిపాలిటీ వినకపోతే, అదే వినతిపత్రానికి ఫొటోలు జతచేసి రాష్ట్ర దివ్యాంగుల కమిషనరుకు ఫిర్యాదు చేయవచ్చు.